ఆ డబ్బు ఎక్కడిది, ఎక్కడికి పోతోంది? ఫైనాన్షియల్ ఇన్వెస్టిగేషన్ అసలు ఎలా నడుస్తుందంటే

2005 జులై 7న లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్లల్లో, ఒక బస్సులో బాంబులు పేల్చి 52 మందిని చంపారు కదా, దానికి మొత్తం అయిన ఖర్చు 8 వేల పౌండ్ల లోపేనని బ్రిటన్ ప్రభుత్వం తర్వాతి ఏడాది ఇచ్చిన రిపోర్టులో ఉంది. విదేశీ ప్రయాణాలు, ఇంటి అద్దె, కారు అద్దె, బాంబుల సామాను అన్నీ కలిపితే అంతే. ఇంకో పక్క చూస్తే డెన్మార్క్‌కి చెందిన డాన్‌స్కే బ్యాంకుకి ఎస్టోనియాలో ఉన్న ఒక చిన్న బ్రాంచి గుండా 2007 నుంచి 2015 దాకా, ఆ దేశంలో నివాసమే లేని కస్టమర్ల పేరు మీద దాదాపు 20 వేల కోట్ల యూరోలు దాటిపోయాయి, అందులో చాలా భాగం అనుమానించాల్సిన డబ్బేనని చివరికి ఆ బ్యాంకు పెట్టించుకున్న విచారణే తేల్చింది. మొదటిది కంటికి ఆననంత చిన్నది, రెండోది దాచిపెట్టడానికి వీల్లేనంత పెద్దది, అయినా రెండూ టైముకి దొరకలేదు.

అందుకని "పెద్ద అమౌంట్ కదిలితే పట్టేసుకోవడమే కదా" అనుకుంటే ఈ సబ్జెక్టు అర్థం కాదు. ఈ పని చేసేవాళ్లు అమౌంట్ కంటే ముందు చూసేది ఇంకోటి ఉంది, మనిషి గానీ కంపెనీ గానీ తన గురించి చెప్పుకునే కథకీ, ఖాతాలో కనపడే లెక్కకీ పొంతన కుదురుతోందా లేదా అని. ఎక్కడ కుదరదో అక్కడి నుంచి తవ్వడం మొదలెడతారు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతావన్నీ, షెల్ కంపెనీలు, హవాలా, క్రిప్టో, అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. మనీ లాండరింగ్, టెర్రర్ ఫండింగ్, ఈ రెండిట్నీ ఎప్పుడూ ఒకే గాట కట్టేస్తారు, చట్టాలూ అలాగే ఉంటాయి, ఆఫీసులూ అవే. కానీ రెండూ ఎదురెదురు దిక్కుల్లో నడిచేవి. లాండరింగ్‌లో నేరం ముందే జరిగిపోయి ఉంటుంది, లంచమో డ్రగ్సో మోసమో, చేతికొచ్చిన ఆ మురికి డబ్బుని శుభ్రంగా చూపించుకోవాలి. టెర్రర్ ఫండింగ్‌లో చాలాసార్లు డబ్బు శుభ్రమైనదే, నెల జీతం, బ్యాంకు లోను, ఎవరో మంచి పనికని ఇచ్చిన చందా, నేరం మాత్రం ఇంకా జరగాల్సి ఉంటుంది. ఒకదాంట్లో వెనక్కి వెళ్లి "ఎక్కడ్నించి వచ్చింది" అని అడగాలి, రెండోదాంట్లో ముందుకి చూసి "ఎవరి చేతికి చేరబోతోంది" అని అడగాలి. స్మగ్లర్‌కి లాభం మిగలాలి కాబట్టి ఎప్పటికో ఒకప్పటికి ఆ డబ్బు ఇల్లుగానో కారుగానో బయటపడుతుంది, దాడి చేయబోయేవాడికి మిగుల్చుకోవాల్సిన అవసరమే లేదు, ఖర్చయిపోతే చాలు. తనిఖీ చేసే కాగితాలు రెండు కేసుల్లోనూ అవే, అవే స్టేట్‌మెంట్లు అవే కాల్ రికార్డులు, చదివే తీరు మాత్రం వేరు.

పుస్తకాల్లో లాండరింగ్ అనగానే మూడు మెట్లు చెప్తారు. క్యాష్‌ని బ్యాంకుల్లోకి ఎక్కించడం ప్లేస్‌మెంట్, అక్కడ్నించి ఖాతాలు మార్చి దేశాలు మార్చి జాడ చెరిపేయడం లేయరింగ్, ఆఖర్న వ్యాపారంలోనో స్థలాల్లోనో పెట్టి తెల్ల డబ్బుగా తీసుకోవడం ఇంటిగ్రేషన్. చెప్పుకోడానికి బానే ఉంటుంది గానీ నిజం కేసుల్లో ఇది ఇంత క్రమంగా జరగదు, ఆన్‌లైన్ మోసాల డబ్బు అసలు క్యాష్‌గా పుట్టనే పుట్టదు, బ్యాంకులోనే పుట్టి బ్యాంకులోనే తిరుగుతుంది, పెద్ద పెద్ద లంచాలైతే ముందే విదేశీ కంపెనీ ఖాతాలో పడతాయి, మొదటి మెట్టు ఎక్కే పనే లేదు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే పాతదే అయినా అమెరికా గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ కేసు కంటే మంచిది నాకు కనపడలేదు. షికాగోలో హత్యలు, దొంగ సారా, జూదం అన్నీ అతని పేరు మీదే చెప్పుకునేవాళ్లు గానీ సాక్ష్యం చెప్పేవాడు ఒక్కడూ లేడు. పైగా అతని పేరున బ్యాంకు ఖాతా లేదు, చెక్కు మీద సంతకం లేదు, ఆస్తి కాగితాల్లో అతని పేరుండదు. 1927లో అమెరికా సుప్రీం కోర్టు ఇంకో కేసులో, అక్రమంగా సంపాదించినా సరే ఆదాయం ఆదాయమే, పన్ను కట్టాల్సిందే అని చెప్పింది, దాంతో దారి దొరికింది. పన్ను శాఖ ఏజెంట్ ఫ్రాంక్ విల్సన్ ఏళ్ల తరబడి కాగితాలు తిరగేస్తూ ఉంటే, 1926లో షికాగో పక్కనున్న సిసెరోలో ఒక జూదం అడ్డా మీద దాడి చేసినప్పుడు పట్టుకొచ్చి ఎవరూ పట్టించుకోకుండా బీరువాలో పడేసిన లెడ్జర్లు దొరికాయి. అందులో లాభం ఎంత, ఎవరెవరి వాటా ఎంత అని పొడి అక్షరాలతో ఎంట్రీలున్నాయి. అప్పుడు చేసిన పని చూడండి, ఆ చేతిరాత ఎవరిదో కనుక్కోడానికి షికాగోలో దొరికినన్ని చేతిరాతలు తెప్పించి ఒక్కోటీ పోల్చుకుంటూ పోయారు, చివరికి లెస్లీ షమ్‌వే అనే గుమాస్తా రాతతో సరిపోయింది, అతన్ని మయామీలో వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించారు. ఇంకో పక్క కపోన్ ఖర్చుల లెక్క కట్టారు, హోటల్ బిల్లులు, టెలిఫోన్ బిల్లులు, బట్టలు, ఇంటి సామాను, అమ్మినవాళ్లందర్నీ కోర్టుకి రప్పించారు. ఆదాయం లేదన్న మనిషి ఇంత ఖర్చు ఎలా పెట్టాడు అన్నదే ప్రశ్న. పన్ను శాఖతో సెటిల్ చేసుకుందామని అతని లాయరు ఇచ్చిన లెటర్‌లోనే ఆదాయం ఉన్నట్టు ఒప్పుకున్నాడు, అదీ కోర్టులో అతని మెడకే చుట్టుకుంది. 1931 అక్టోబర్‌లో 11 ఏళ్ల జైలు.

ఇప్పటికీ చాలా కేసుల్లో జరిగేది ఇదే, కంప్యూటర్లు వచ్చాయి అంతే తేడా. ఫలానా ఏడాది మొదట్లో ఆస్తి ఎంత, అప్పు ఎంత, ఏడాది ఆఖరుకి ఎంత, మధ్యలో ఖర్చు ఎంత, చూపించిన ఆదాయం ఎంత, ఈ లెక్క కడితే తేలని సొమ్ము బయటపడుతుంది. ఖర్చు అంటే బ్యాంకులో కనపడేదే కాదు, పిల్లల ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, కరెంటు బిల్లు కూడా. కరెంటు బిల్లు ఎందుకంటారా, ముగ్గురే ఉంటున్నామని చెప్పిన ఇంట్లో పగలూ రాత్రీ ఫ్యాక్టరీ అంత కరెంటు కాలుతుంటే దానికీ ఒక సమాధానం ఉండాలి కదా. ఇంకోటి, ఖాతాలో ఉన్నవి ఎంత పనికొస్తాయో ఉండాల్సినవి లేకపోవడం కూడా అంతే పనికొస్తుంది, ఒక మనిషి ఏడాదంతా ఏటీఎంకి వెళ్లలేదు, సరుకులకి కార్డు వాడలేదు అంటే అతను తిండి ఏ డబ్బుతో తింటున్నట్టు?

మరి సమాచారం ఎక్కడ్నించి వస్తుంది అంటే ఎక్కువగా బ్యాంకుల నుంచే. కస్టమర్ ఎవరో తెలుసుకోవాలి, తేడాగా కనపడిన లావాదేవీల మీద అనుమానాస్పద లావాదేవీ రిపోర్టు, అంటే ఎస్‌టీఆర్, పెట్టాలి, ఆ సంగతి కస్టమర్‌కి పొక్కనివ్వకూడదు. ఈ రిపోర్టులన్నీ ఒక్కో దేశంలో ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి, ఎఫ్‌ఐయూ అంటారు, అక్కడికి చేరతాయి. అక్కడ ఏరి, పోలీసు డేటాతో, పన్ను డేటాతో, కస్టమ్స్ డేటాతో కలిపి చూసి పనికొచ్చేవి ఇన్వెస్టిగేటర్లకి పంపుతారు. 1989లో పారిస్ జీ7 మీటింగ్‌లో పుట్టిన ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్, అంటే ఎఫ్‌ఏటీఎఫ్, రాసిన 40 సిఫార్సులు ఈ మొత్తానికి రూల్ బుక్కు, ఎఫ్‌ఐయూలన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే ఎగ్మాంట్ గ్రూపు 1995లో మొదలైంది, అందులో ఇప్పుడు 170కి పైగా దేశాలూ ప్రాంతాల ఎఫ్‌ఐయూలున్నాయి.

కానీ రిపోర్టు పెట్టడం వేరు, చూడటం వేరు. బ్యాంకులు ఫైన్‌కి భయపడి ఎందుకైనా మంచిదని అడ్డమైన లావాదేవీ మీదా రిపోర్టు కొట్టి పంపిస్తాయి, అప్పుడు అసలుది ఆ కుప్పలో మునిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ కూడా రూల్స్ పెట్టిన మేరకే అరుస్తుంది. డాన్‌స్కే ఎస్టోనియా బ్రాంచి సంగతే తీసుకోండి, అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి 2013లో ఒక బ్రిటిష్ కంపెనీ ఖాతా చూసి, అనుమానం వచ్చి బ్రిటన్ కంపెనీల రిజిస్టర్ తెరిచి చూశాడు. అందులో ఆ కంపెనీ తనకి వ్యాపారమే లేదు, మూతబడినట్టే ఉన్నామని లెక్కలు దాఖలు చేసింది, ఇక్కడ బ్యాంకు ఖాతాలో చూస్తే రోజూ లక్షల్లో తిరుగుతోంది. రహస్య ఆపరేషన్ ఏం అక్కర్లేదు, ఎవరికైనా దొరికే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడంతే. అతను పైవాళ్లకి రాస్తే బ్యాంకు ఎంత వేగంగా కదిలిందో చెప్పక్కర్లేదు, ఆ విదేశీ కస్టమర్ల ఖాతాల దుకాణం కట్టేయడానికి 2015 పట్టింది, 2022 డిసెంబర్‌లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 200 కోట్ల డాలర్లకి పైగా కట్టడానికి సిద్ధపడింది.

ఇక్కడే షెల్ కంపెనీల గొడవ వస్తుంది. కాగితం మీద కంపెనీ, డైరెక్టర్‌గా ఎవడో బినామీ, ఆ కంపెనీకి ఓనర్ ఇంకో దేశంలో ఇంకో కంపెనీ, దానికి ఓనర్ ఒక ట్రస్టు. ఇలా నాలుగు పొరలు వేస్తే అసలు మనిషి దొరకడు, ప్రతి పొరకీ ఒక్కో దేశాన్ని ఒక్కో లెటర్‌తో బతిమాలుకోవాలి. 2016లో బయటికొచ్చిన పనామా పేపర్స్‌లో కోటీ 15 లక్షల ఫైళ్లు, 2 లక్షల 14 వేల కంపెనీలూ ట్రస్టులూ ఉన్నాయి, అదీ ఒకే ఒక్క లా ఫర్మ్ రికార్డులు. అందరూ నేరగాళ్లని కాదు, ఆఫ్‌షోర్ కంపెనీ పెట్టడం దానంతట అది నేరం కాదు కూడా. కానీ అసలు ఓనర్ ఎవరో రిజిస్టర్లో రాయండి అని దేశాలు పట్టుబట్టడం ఆ తర్వాతే ఊపందుకుంది.

వ్యాపారం ముసుగులో డబ్బు దాటించడం ఇంకా కష్టమైన రకం. పది విలువ చేసే సరుకుకి వంద అని ఇన్‌వాయిస్ రాస్తే తొంభై చట్టబద్ధంగా దేశం దాటినట్టే, బ్యాంకుకి కనపడేది కాగితమే గానీ కంటైనర్ లోపల ఏముందో కాదు. 2011లో లెబనీస్ కెనడియన్ బ్యాంకు మీద అమెరికా పెట్టిన ఆరోపణల్లో ఇదో వింత నమూనా, అమెరికాలో పాత కార్లు కొని ఓడల్లో పశ్చిమ ఆఫ్రికాకి పంపి అమ్మడం, ఆ డబ్బుని డ్రగ్స్ డబ్బుతో కలిపి లెబనాన్‌కి చేర్చడం, అందులో అక్కడి సాయుధ సంస్థ హిజ్బుల్లాకి వాటా ఉందని. కారు నిజం, ఓడ నిజం, అమ్మకం నిజం, అందుకే పట్టుకోవడం కష్టం. ఇలాంటివి బయటపడాలంటే బ్యాంకు స్టేట్‌మెంటూ కస్టమ్స్ డిక్లరేషనూ ఒకే బల్ల మీదకి రావాలి, చాలా చోట్ల ఆ రెండు ఆఫీసులకీ మాటల్లేవు.

హవాలా అనగానే పూర్తిగా జాడ లేని వ్యవహారం అనుకుంటారు, అది సగమే నిజం. ఇక్కడ ఒకడికి డబ్బిస్తే అక్కడ ఇంకొకడు నోటు నంబరు లాంటి గుర్తు చూసి ఇచ్చేస్తాడు, డబ్బు సరిహద్దు దాటదు. కానీ ఆ ఇద్దరి మధ్య బాకీ ఎప్పుడో ఒకప్పుడు సరుకుగానో బంగారంగానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో తీరాలి కదా, పైగా ఎవరికి ఎంత ఇవ్వాలో రాసుకోకపోతే వాళ్ల వ్యాపారమే నడవదు. అందుకే రెయిడ్‌లో ఇన్వెస్టిగేటర్లు క్యాష్ కట్టల కంటే ముందు వెతికేది చిన్న నోట్‌బుక్కూ ఫోనూ.

క్రిప్టో విషయంలో జనం అనుకునేదానికి పూర్తిగా రివర్స్. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ రాసుండే లెడ్జర్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎప్పటికీ చెరగదు, పేరు మాత్రమే ఉండదు. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ ఎక్స్‌చేంజ్ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు కొట్టేశారు. వాటిని ముక్కలు ముక్కలుగా వేల లావాదేవీల్లో తిప్పారు, కొన్నిట్ని ఆల్ఫాబే అనే డార్క్‌నెట్ (మామూలు బ్రౌజర్‌కి దొరకని ఇంటర్నెట్) మార్కెట్ గుండా తీసుకెళ్లారు, దొంగ పేర్లతో ఖాతాలు తెరిచారు. కానీ 2017లో ఆల్ఫాబే మూతబడ్డాక దాని లోపలి రికార్డులు పోలీసుల చేతికొచ్చాయి. ఆ డబ్బులో కొంత పెట్టి గిఫ్ట్ కార్డులు కొన్నారు, అందులో 500 డాలర్ల వాల్‌మార్ట్ కార్డు ఒకటి రష్యా ఈమెయిల్ అడ్రస్‌కి వెళ్లింది గానీ దాన్ని వాడుకున్నది మాత్రం నిందితుల్లో ఒకరి అసలు పేరుతో ఉన్న ఫోన్ యాప్‌లో. ఆఖరికి 2022 మొదట్లో ఒక క్లౌడ్ ఖాతాలో దాచిన ఫైలు తాళం తీస్తే దాదాపు 2 వేల వాలెట్ల కీలు, అంటే వాటిని తెరిచే రహస్య కోడ్‌లు, బయటపడ్డాయి, 94 వేలకి పైగా బిట్‌కాయిన్లు, అప్పటి రేటులో 360 కోట్ల డాలర్లు, జప్తు చేశారు. అంత డబ్బు చేతిలో పెట్టుకుని గిఫ్ట్ కార్డు దగ్గర కక్కుర్తి పడటం నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ దొరికేది అక్కడే, దాచుకున్న డబ్బు నిత్యావసరాలకి తాకిన చోట.

ఇదంతా లాండరింగ్ వైపు. ఇప్పుడు రెండో వైపు చూస్తే పొంతన కుదరకపోవడం అనే ఆయుధమే మొద్దుబారిపోతుంది. లండన్ దాడుల నాయకుడి ఖాతాల్లో ఏముంది? కొన్ని బ్యాంకు ఖాతాలు, క్రెడిట్ కార్డులు, 10 వేల పౌండ్ల పర్సనల్ లోను, ఆఖర్లో వాయిదాలు ఎగ్గొట్టడం. బ్యాంకు దృష్టిలో అప్పుల్లో పడ్డ మామూలు మనిషి, అలాంటివాళ్లు లక్షల మంది. 2001 సెప్టెంబర్ 11 దాడులకి 4 నుంచి 5 లక్షల డాలర్లు అయిందని అమెరికా విచారణ కమిషన్ లెక్క కట్టింది, హైజాకర్లు అసలు పేర్లతో పాస్‌పోర్టు చూపించి ఖాతాలు తెరిచారు, వాళ్ల లావాదేవీల మీద ముందుగా ఒక్క రిపోర్టు కూడా పడలేదు. అదేమీ బ్యాంకుల నిర్లక్ష్యం కాదు, విదేశం నుంచి డబ్బు తెప్పించుకుని చదువుకుంటున్న కుర్రాళ్లకీ వీళ్లకీ స్టేట్‌మెంట్లో తేడా ఏం లేదు.

మరి అలాంటప్పుడు దీని వల్ల ఉపయోగం ఏంటి అంటే, ఒక్క పేరు ఎక్కడ్నించైనా దొరకనివ్వండి, అప్పుడు డబ్బు నోరు విప్పుతుంది. దాడికి కొన్ని రోజుల ముందు హైజాకర్లు ఖర్చవని డబ్బు దాదాపు 26 వేల డాలర్లు యూఏఈలో తమ డబ్బు వ్యవహారాలు చూసినవాడికే తిరిగి పంపేశారు. అసలు పేర్లే వాడారు కాబట్టి ఎవరి ఖాతా, ఎవరు పంపారు, ఎవరితో కలిసి ఉన్నారు అనే మ్యాప్ త్వరగానే తయారైంది. ఒకే కార్డుతో ఇద్దరి విమాన టికెట్లు కొన్నారా, ఒకే ఏటీఎం దగ్గర నిమిషాల తేడాలో ముగ్గురు డబ్బు తీశారా, ఇలాంటివి మాటల్లో అబద్ధం చెప్పొచ్చు గానీ రికార్డులో చెప్పలేరు. అందుకే టెర్రర్ కేసుల్లో ఫైనాన్షియల్ ఇన్వెస్టిగేషన్ బాంబుని వాసన పట్టే పని కంటే మనుషుల్ని కలిపే పనే బాగా చేస్తుంది, ఆ విషయం ఒప్పుకోకుండా ప్రతి ట్రాన్స్‌ఫర్‌నీ అనుమానిస్తూ పోతే పేదవాళ్లు ఇంటికి పంపుకునే డబ్బు ఆగిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ఎఫ్‌ఏటీఎఫ్ 30వ సిఫార్సు చెప్పే మాట ఇంకోటుంది, అసలు నేరం మీద దర్యాప్తు జరుగుతున్నప్పుడే డబ్బు మీద దర్యాప్తు కూడా పక్కనే నడవాలి అని. చాలా చోట్ల దీన్ని అరెస్టులూ ఛార్జ్‌షీటూ అయ్యాక చేసే పనిగా చూస్తారు, అప్పటికి ఖాతాలు ఖాళీ. అలాగని ముందే ఫ్రీజ్ చేస్తే అవతలివాడికి తెలిసిపోతుంది, మిగతా గ్యాంగు పరార్, ఎప్పుడు ఆపాలి ఎప్పుడు పోనిచ్చి చూడాలి అన్నది ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. దానికి తోడు ఇంటెలిజెన్స్ వేరు, సాక్ష్యం వేరు. ఎఫ్‌ఐయూ నుంచి ఎఫ్‌ఐయూకి సమాచారం రోజుల్లో రావొచ్చు, కానీ అది కోర్టులో పెట్టడానికి పనికిరాదు, పెట్టాలంటే ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి అధికారికంగా అడగాలి, దానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. డబ్బేమో నిమిషాల్లో నాలుగు దేశాలు దాటుతుంది. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, క్రైమ్ ఆఫీసు అంచనా ప్రకారం 2009లో ప్రపంచం మొత్తం మీద లాండర్ అయింది సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు, అందులో స్వాధీనం చేసుకున్నది ఒక్క శాతం కూడా లేదు.

తొందరపడితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2001 నవంబర్‌లో అల్ బరకాత్ అనే సోమాలియా రెమిటెన్స్ కంపెనీని ఉగ్రవాదులకి డబ్బు చేరవేస్తోందని అమెరికా మూయించింది, విదేశాల్లో ఉన్న సోమాలీలు ఇంటికి డబ్బు పంపుకునే పెద్ద దారి అదే. తర్వాత 9/11 కమిషన్ సిబ్బంది పరిశీలిస్తే ఆ ఆరోపణకి నిలబడే ఆధారం కనపడలేదు. సౌదీ వ్యాపారి యాసిన్ కాడి ఆస్తులు కూడా అదే ఏడాది అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఉగ్రవాద లిస్టులో పేరు చేరగానే స్తంభించాయి, ఆయనా అల్ బరకాత్ యూరప్ విభాగమూ కోర్టుకెక్కితే 2008 సెప్టెంబర్‌లో యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్, కారణం చెప్పకుండా, వాళ్ల మాట వినకుండా ఆస్తి ఆపేయడం కుదరదని తేల్చింది. ఆ ఒత్తిడి వల్లే 2009 డిసెంబర్‌లో భద్రతా మండలి తన అల్ ఖైదా లిస్టు కోసం ఒక ఆంబుడ్స్‌పర్సన్‌ని పెట్టింది, పేరు తప్పుగా ఎక్కిందనుకునేవాళ్లు అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కాడి పేరు 2012 అక్టోబర్‌లో తీసేశారు. ఉగ్రవాదుల డబ్బుని అన్ని దేశాలూ ఆపాలని భద్రతా మండలి 2001లో చేసిన 1373 తీర్మానం కింద ఒక్కో దేశం సొంతంగా తయారు చేసుకునే లిస్టులకి మాత్రం ఆ ఆంబుడ్స్‌పర్సన్ పనికిరాదు, వాటి మీద ఎవరి దేశంలో వాళ్లే కోర్టుకి వెళ్లాలి.